క్రాంకు లేని బ్లాకులో పుల్లీ చప్పుడు

దెయ్యాల కబుర్లు చెబుతూ ఎవరైనా నా షెడ్డులో కూర్చుంటే నాకు ఒళ్ళు మండేది. ముప్ఫై ఏళ్ళుగా డీజిల్ ఇంజన్లు విప్పుతున్నవాణ్ణి. బండి దానంతటదే స్టార్టయిందని వచ్చే డ్రైవర్లకు కాలిన వైరు చూపించి, నాలుగు తిట్టి పంపేవాణ్ణి. దెయ్యాలూ లేవు, నా మొహమూ లేదు, అన్నీ మన చేతి తప్పులే అనేవాణ్ణి. ఇప్పుడు చెప్పబోయేది నాకే జరిగింది. నమ్మమని ఎవరినీ బతిమాలను. నేను చేసిన వెధవపనితో సహా, జరిగింది జరిగినట్టు చెబుతాను.

మాది భిలాయి. నాన్న శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి స్టీలు ప్లాంటులో ఫిట్టరుగా చేరాడు. మరోదా అనే ప్లాంటు కాలనీ క్వార్టర్లో నన్నూ, తమ్ముడు రమణనూ పెంచాడు. రిటైరయ్యాక ఊళ్ళోనే కోహ్కా పేటలో ఈ షెడ్డు పెట్టాడు. ఆయన పోయి చాలా ఏళ్ళయింది. ఇప్పుడు షెడ్డులో ఉండేది నేనూ, దిలేశ్వర్ అనే ఛత్తీస్‌గఢీ మెకానిక్కూ. దిలేశ్వర్ నాకంటే రెండేళ్ళు పెద్ద. పనీ తెలుగూ రెండూ నాన్న దగ్గరే నేర్చుకున్నాడు. అయినా నన్ను ఉస్తాద్ అనే పిలుస్తాడు.

నాన్న ప్లాంటు నుంచి తెచ్చిన పద్ధతి ఒకటుంది. ముఖ్యమైన బోల్టు బిగించాక, దాని తల మీద నుంచి పక్క భాగం మీదికి పసుపు పెయింటుతో ఒక గీత గియ్యాలి. బోల్టు ఏమాత్రం తిరిగినా గీత విరిగి కనపడుతుంది. గీత ఉందంటే పూర్తి బలంతో బిగించినట్టే లెక్క. బిగించిన చెయ్యే గీత గియ్యాలి. బిగించకుండా గీసినందుకు ఒక మెకానిక్కును నేను ఆ పూటే పనిలోంచి తీసేశాను. అతను ఎంత బతిమాలినా వినలేదు. ఆ సంగతి కోహ్కాలో సగం మందికి తెలుసు.

రమణ దగ్గర పాత డీజిల్ జీపు ఉండేది. నాన్న కొన్నదే. దాని మొదటి ఇంజను బ్లాకు, అంటే లోపలి భాగాలన్నిటినీ మోసే ఇనప దిమ్మ, పగిలితే నేనే ఇంకో పాత ఇంజను ఎక్కించాను. పగిలిన బ్లాకు షెడ్డు మూలన పడి ఉంది. దాని మీద చెక్క పలక వేసి కూర్చునేవాళ్ళం. పిస్టన్లూ, క్రాంకూ అన్నీ ఎప్పుడో తీసేశాం. లోపల బూజు తప్ప ఏమీ లేదు.

విశ్వకర్మ పూజకు ముందురోజు రమణ ఆ జీపు తెచ్చాడు. ఇంజను ముందు వైపు టక్ టక్ మంటోంది. ఈ చప్పుడు విని చాలామంది బేరింగు పోయిందనుకుని ఇంజనంతా విప్పేస్తారు. నేను పొడుగు స్క్రూడ్రైవరు కొన ఇంజనుకు ఆనించి, పిడి చెవికి పెట్టుకుని విన్నాను. క్రాంకు పుల్లీ వదులైంది.

అది తెలియనివాళ్ళకు చెప్పాలి. ఇంజనులో తిరిగే ఇరుసు క్రాంకు; దాని చివర ఉండే ఆ పుల్లీయే బెల్టును తిప్పుతుంది. ఫ్యానూ, నీళ్ళ పంపూ, డైనమో ఆ బెల్టు మీదే నడుస్తాయి. ఈ పాత జీపుల్లో బ్రేకుకు బలమిచ్చే వాక్యూమ్ పంపు డైనమోకే తగిలించి ఉంటుంది. పుల్లీ ఊడితే బెల్టు పోతుంది. ఆ తర్వాత రెండు మూడుసార్లు తొక్కేసరికి బ్రేకు పెడలు రాయిలా బిగుసుకుపోతుంది.

పుల్లీ లాగి చూశాను. క్రాంకు మీద అది జారకుండా పట్టి ఉంచే కీ అనే చిన్న ఇనప ముక్క అరిగిపోయి ఉంది. గాడి శుభ్రం చేసి, కొత్త కీ వేసి, పుల్లీ ఎక్కించి, బోల్టు పెట్టాను. చేతిలో ఉన్న చిన్న పానాతో వచ్చినంత తిప్పాను. ఆఖరి బిగింపు దానితో అయ్యేది కాదు. పెద్ద సాకెట్టు పానా పిడికి నాలుగడుగుల పైపు తొడిగి, ఒంటి బరువంతా వేసి లాగాలి.

ఆ సాకెట్టు కోసం చూస్తే లేదు. మా ఆవిడ పనిముట్లన్నీ కడిగి, పసుపు కుంకుమ పెట్టి, విశ్వకర్మ బొమ్మ ముందు పేర్చేసింది. పసుపు పెట్టిన పనిముట్టును నిమజ్జనం అయ్యేదాకా మేం కదపం. ఇంకో నియమం కూడా ఉంది మా షెడ్డుకు. సగం చేసిన పని దేవుడి ముందు ఉండకూడదు. నాన్న బతికున్నప్పుడు పూజ ముందురోజుకు ప్రతి బండీ పూర్తయిపోవాల్సిందే. మర్నాడు జీపుకు కూడా దండ వేసి హారతి ఇస్తాం. పెయింటు డబ్బా మూత తీసే ఉంది. నిమజ్జనం అయ్యాక ఎలాగూ బిగిస్తాను కదా అనుకున్నాను. పసుపు గీత గీసేశాను. నేనే, నా చేత్తోనే.

దిలేశ్వర్ ఆ సాయంత్రమంతా బయట పందిరి కడుతున్నాడు. జీపుకు ఏమైందో, నేనేం చేశానో అతను చూడలేదు. ఈ మాట ఎందుకు చెబుతున్నానో తర్వాత తెలుస్తుంది.

పూజ రోజు మధ్యాహ్నం షెడ్డు నిండా జనం. నేను ఖిచిడీ వడ్డిస్తున్నాను. రమణ బానెట్టు ఎత్తి, గీత చూసుకుని మూసేశాడు. "పూజా హో గయా కదా అన్నియ్యా, మేం ఎల్తన్నాం" అని అక్కణ్ణుంచే అరిచాడు. పక్కన భార్య పద్మ, ఒళ్ళో ఆరేళ్ళ పాప. కొండాగావ్‌లో రమణ అత్తారింటికి ప్రయాణం. నేను గరిటె పైకెత్తి ఊపాను. పుల్లీ సంగతి ఆ క్షణాన నా బుర్రలో లేదు. నిజంగా మరిచిపోయాను. ఈ మాట ఎంతమంది నమ్ముతారో నాకు తెలియదు.

మర్నాడు నిమజ్జనం. ఆ మర్నాడు మళ్ళీ పనిలో పడ్డాం. రమణ వాళ్ళు తిరిగి రావాల్సింది కూడా ఆ రోజే.

పొద్దున్న పదకొండు దాటింది. కరెంటు పోయి గంటైంది. కంప్రెసరు లేదు, గ్రైండరు లేదు, షెడ్డులో ఒక్క బండి కూడా స్టార్టులో లేదు. నేను పాత బ్లాకు మీద కూర్చుని ఇంజెక్టర్లు తుడుస్తున్నాను. కింద ఏదో కొట్టుకుంటున్నట్టు ముందు తొడలకు తెలిసింది, తర్వాత చెవికి. ఎలకలనుకుని లేచి పలక తీశాను. ఏమీ లేదు. బ్లాకు మీద చెయ్యి వేస్తే ఇనుము అదురుతోంది.

పొడుగు స్క్రూడ్రైవరు తెచ్చి ఆనించి విన్నాను. టక్, టక్, టక్. మూడు రోజుల కింద జీపులో విన్న చప్పుడే. రోడ్డు మీద పరిగెత్తుతున్న ఇంజనుది కాదు. బండి నిలబెట్టి, ఆపకుండా వదిలేసిన ఇంజనుది. ఆ తేడా నా చెవికి బాగా తెలుసు.

దిలేశ్వర్‌ను పిలిచి, ఏమీ చెప్పకుండా పిడి అతని చెవికి పెట్టాను. కాసేపు విన్నాడు. "పుల్లీ ఢిల్లా లాగత్ హే ఉస్తాద్" అన్నాడు, పుల్లీ వదులుగా ఉన్నట్టుందని. అప్పుడు గానీ అతను బ్లాకు లోపలికి చూడలేదు. చూసి, రెండడుగులు వెనక్కి వేసి, చేతులు జోడించాడు.

పుల్లీ అనగానే నాకు అంతా గుర్తొచ్చింది. పసుపు పెట్టిన సాకెట్టు, మూత తీసిన డబ్బా, నేను గీసిన గీత. బండి ఆపమని రమణకు చెప్పడానికి ఫోను జేబులోనే ఉంది. చెయ్యలేదు.

ఎందుకు చెయ్యలేదో చెబుతాను. చేస్తే దిలేశ్వర్ వింటుండగా చెప్పాలి, బిగించకుండా గీత గీశానని. ఏ తప్పుకు ఒకడి కూడు తీసేశానో అదే తప్పు నేనూ చేశానని. పైగా ఈ సంగతి ఎలా తెలిసిందని రమణ అడిగితే ఏం చెప్పను? పాత ఇనుము చెప్పిందనా? సిగ్గు, కోపం ఒకేసారి వచ్చాయి. కోపమంతా దిలేశ్వర్ మీద చూపించాను. "ఖాళీ డబ్బాలో పుల్లీ ఏటి, నీ బొంద! ఎల్లి టీ అట్టుకురా" అని అరిచాను.

టీ వచ్చింది. బయట బెంచీ మీద కూర్చున్నాను. కొత్త కీ వేశాను, అంత తేలిగ్గా ఊడదు, సాయంత్రం వచ్చాక బిగిద్దాం అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. లోపల చప్పుడు ఆగలేదు. ఇప్పుడు స్క్రూడ్రైవరు అక్కర్లేకుండానే బయటికి వినపడుతోంది. దిలేశ్వర్ షెడ్డులోకి అడుగు పెట్టనన్నాడు. నేను గ్లాసు ఖాళీ చేసి కింద పెట్టేసరికి, ఎవరో యాక్సిలరేటరు తొక్కినట్టు చప్పుడు వేగం అందుకుంది. కాసేపు అలా కొట్టుకుని, టక్కున ఆగిపోయింది.

అది ఆగాక నాకు భయమేసింది. రమణకు ఫోను చేశాను. మోగింది, ఎత్తలేదు. పద్మకు చేశాను, అదీ అంతే. మార్చి మార్చి చేస్తూనే ఉన్నాను. చివరికి ఎవరో మగమనిషి ఎత్తాడు. కేశ్‌కాల్ ఘాట్‌లో జీపు కొండకు గుద్దుకుందని, వెంటనే బయల్దేరమని హిందీలో చెప్పాడు.

రమణ అక్కడికక్కడే పోయాడు. దిగుడులో బ్రేకు పడకపోతే, లోయ వైపు పోనివ్వకుండా బండిని కొండ వైపు తిప్పాడు. తను కూర్చున్న వైపే కొండకు ఇచ్చాడు. పద్మకు చెయ్యి విరిగింది. పాపకు పెద్ద దెబ్బలేమీ తగల్లేదు. నా తమ్ముడికి ముప్ఫై ఎనిమిదేళ్ళు. వాడికి సైకిలు తొక్కడం నేర్పింది నేను, స్టీరింగు పట్టడం నేర్పింది నేను. వాణ్ణి నేనే చంపుకున్నాను.

పోలీసు స్టేషను ఆవరణలో జీపు చూశాను. పుల్లీ లేదు, బెల్టు లేదు, బోల్టు లేదు. క్రాంకులో మరలు మాత్రం చెక్కుచెదరలేదు. బోల్టు విరగలేదు, తెగలేదు. తిరిగి తిరిగి ఊడి వచ్చేసింది. అక్కడున్నవాళ్ళు పాత బండి కదా అన్నారు. నేను తలూపాను.

కర్మకాండ అయ్యాక పద్మ తనంతట తనే చెప్పింది. కొండాగావ్ దాటినప్పటి నుంచీ ముందు వైపు టక్ టక్ మంటూనే ఉందట. ఘాట్ మొదలవక ముందు కేశ్‌కాల్‌లో టీకి ఆగారట. స్టార్టరు మొండికేస్తోందని ఇంజను ఆపలేదట. చప్పుడేమిటో చూడమని తనే అడిగిందట. "అన్నియ్య గీత గీసేడు. పుల్లీ మాత్రం కాదులే, ఇంటికెళ్ళేక సూపిద్దాం" అన్నాడట రమణ. అప్పటికి టైమెంతయిందని అడిగాను. పదకొండు దాటింది బావగారూ అంది. అక్కడ సిగ్నల్ బాగానే ఉందట, వాళ్ళమ్మతో మాట్లాడిందట కూడా.

ఆ చప్పుడుకు కారణం నేను వెతకని చోటు లేదు. పక్క షెడ్డు ఆ రోజు మూసి ఉంది. బోరు మోటారుకు కరెంటు లేదు. రైలు అదురు ఎలా ఉంటుందో నాకు పుట్టినప్పటి నుంచీ తెలుసు, అది అలా ఉండదు. నా తప్పు నా మనసులో మెదిలి నాకు అలా వినపడిందనుకుందాం. మరి ఏమీ తెలియని దిలేశ్వర్ పుల్లీ అని ఎలా అన్నాడు? తర్వాత ఎన్నోసార్లు ఆ బ్లాకుకు చెవి పెట్టి విన్నాను. ఒక్కసారి కూడా ఏమీ వినపడలేదు. ఉత్త ఇనుములోకి ఆ చప్పుడు ఎలా వచ్చిందో నాకు ఈ రోజుకీ తెలియదు.

పద్మ దగ్గర ఇక దాచలేకపోయాను. గీత సంగతీ, చప్పుడు సంగతీ రెండూ చెప్పేశాను. తిడుతుందనుకున్నాను. తిట్టినా బాగుండేది. పాపను ఆడుకోమని బయటికి పంపింది.

"చప్పుడు విన్నాక ఎంతసేపు ఊరుకున్నారు బావగారూ?" అని అడిగింది.

గుర్తులేదమ్మా అన్నాను.

గుర్తుంది. వాళ్ళక్కడ టీ తాగినంతసేపూ నేనిక్కడ టీ తాగుతూనే ఉన్నాను.