ముప్పై ఎనిమిది అడుగులు

మా వైపు ఆడపిల్లకి ఎనిమిదో ఏడు వచ్చేసరికి లేసు అల్లడం వచ్చేస్తుంది. నాకు ఇరవై మూడో ఏట వచ్చింది. అంతకు ముందు అమ్మ ఎన్నిసార్లు కూర్చోబెట్టినా నాలుగు గొలుసులు వేసి సూది విసిరికొట్టేదాన్ని. నాకు ఓపిక తక్కువ, కోపం ఎక్కువ. ఆ రెండూ కలిసి నా చేత ఏం చేయించాయో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

మాది రాజోలు తాలూకాలో ఏటిగట్టుకి దగ్గరగా ఉన్న ఊరు. నాన్నగారు ఎలిమెంటరీ స్కూలు మేస్టారు. అమ్మ మధ్యాహ్నం వంట ముగించి, ఇరుగుపొరుగు ఆడవాళ్ళతో అరుగు మీద కూర్చుని లేసు అల్లేది. నరసాపురం నుంచి సఖినేటిపల్లి రేవు దాటి దారం వచ్చేది, అల్లినవి మళ్ళీ అదే రేవు దాటి వెళ్ళిపోయేవి. బల్లల మీద పరిచే గుడ్డలు, టీ కప్పుల కింద వేసే చక్రాలు. మా ఇంట్లో అలాంటి బల్లా లేదు, అలాంటి కప్పులూ లేవు. చివర్లో మిగిలిన దారం ముక్కల్ని మాత్రం అమ్మ ఒక పాలడబ్బాలో దాచేది. ఈస్టరుకి ముందు నలభై రోజుల శ్రమకాలంలో ఆ ముక్కలన్నీ ముడివేసి తెల్లటి చిన్న దండ ఒకటి అల్లేది. అది చెల్లి సమాధి మీది కర్ర సిలువకి.

చెల్లి డెబ్భై ఐదులో పోయింది, ఆరేళ్ళ పిల్ల. మూడు రోజుల జ్వరం. నాకప్పుడు పదకొండేళ్ళు. వానాకాలం కావడంతో రెండడుగులు తవ్వేసరికే నీరు ఊరింది. ఒక పక్క నీళ్ళు తోడుతుండగానే పెట్టెను దించారు. "తడిసిపోద్దండీ, దానికి జలుబు చేస్తదండీ" అని అమ్మ అరిచిన అరుపు తప్ప ఆ రోజు సంగతి నాకేమీ గుర్తు లేదు. ఎక్కడ నిలబడ్డామో, ఎటు తిరిగి ఉన్నామో, గేటు ఎంత దూరమో, ఏదీ గుర్తు లేదు. ఈ మాట ఇక్కడే రాసి పెడుతున్నాను, ఎందుకంటే తర్వాత నేను ఇంకోలా చెప్పాను.

మా సంఘంలో ఈస్టరు చర్చిలో మొదలవదు, సమాధుల దొడ్డిలో మొదలవుతుంది. శనివారం నాడే ఎవరి సమాధికి వాళ్ళు సున్నం వేసుకుంటారు. ఆదివారం తెల్లవారుతుండగా డప్పులతో అందరూ ఊరేగింపుగా వెళ్ళి, ఎవరి వాళ్ళ దగ్గర వాళ్ళు కొవ్వొత్తి పట్టుకుని నిలబడతారు. పాస్టరుగారు మధ్యలో నిలబడి "క్రీస్తు లేచెను" అంటారు. "నిజముగా లేచెను" అని దొడ్డంతా బదులు పలుకుతుంది. ఆ తర్వాత ఇళ్ళకి వచ్చి గారెలు, కోడి కూర. చెల్లి ఉన్నప్పుడు ఆ డప్పుల మోతకి బెదిరి అమ్మ చీరలో మొహం దాచేసుకునేది. అది పోయాక అమ్మకి ఏడాదిలో నిజమైన పండుగ ఆ ఒక్క ఉదయమే. బిడ్డ పక్కన అరగంట నిలబడటం కోసం మిగతా రోజులన్నీ బతికేది.

సిమెంటుతో కట్టిద్దామని నాన్నగారు చాలాసార్లు అన్నారు. అమ్మ ఒప్పుకోలేదు.

"చిన్నపిల్ల మీద అంత బరువెందుకండీ? ఎండకి కాలిపోద్ది కూడాను," అనేది. ఏటేటా తనే మట్టి మెత్తి, అలికి, పైన సున్నం వేసుకునేది. పదేళ్ళకి పైగా అలాగే జరిగింది.

ఎనభై ఆరు ఆగస్టులో గోదారి వచ్చింది. మా ఊరి దగ్గర గట్టుకి గండి పడింది. మేం వారం రోజులు స్కూలు డాబా మీద ఉన్నాం. నీరు తీశాక మనుషులు ముందు ఇళ్ళు చూసుకున్నారు, అమ్మ సమాధుల దొడ్డికి పరుగెత్తింది. వెనకాలే నేనూ వెళ్ళాను. మోకాలెత్తున ఒండ్రు. డబ్బున్నవాళ్ళు కట్టించుకున్న ఏడెనిమిది సిమెంటు సమాధులూ, ఇటుక గేటు స్తంభాలూ తప్ప ఇంకేమీ లేవు. మట్టి దిబ్బలు లేవు, సిలువలు లేవు, కంచె లేదు. చెల్లి చోటుని ఏటా చుట్టుపక్కల దిబ్బల్ని బట్టే పోల్చుకునేవాళ్ళం. అమ్మ బురదలో అటు నాలుగడుగులు, ఇటు నాలుగడుగులు వేసి చతికిలబడిపోయింది.

"నేనే పోగొట్టుకున్నానే," అంది. "ఆయన కట్టిస్తానంటే వద్దన్నాను. నేనే పోగొట్టుకున్నాను."

ఆ తర్వాత అమ్మ లేసు ముట్టుకోలేదు. వంట చేసేది గానీ రుచి చూసేది కాదు. ఒక పూట కూరలో ఉప్పుండేది కాదు, ఇంకో పూట నోట పెట్టలేకపోయేవాళ్ళం. నాన్నగారు అలాగే తినేసి లేచిపోయేవారు. నాకు జాలి వేయాలి కదా. విసుగేసింది. నేనప్పుడే పక్క ఊళ్ళో టీచరుగా చేరాను. రోజంతా పిల్లలతో అరిచి ఇంటికొస్తే ఆ మౌనం, ఆ చప్పిడి కూర. చచ్చిపోయిన కూతురు తప్ప బతికున్న కూతురు ఈవిడకి కనపడదా అని ఎన్నిసార్లు పళ్ళు నూరుకున్నానో.

మళ్ళీ ఈస్టరు వచ్చింది. అందరూ గుర్తులు చెప్పుకుని, ఒకళ్ళనొకళ్ళు అడిగి, తమ వాళ్ళ చోట్లు పోల్చుకుని కొత్తగా దిబ్బలు పోసుకున్నారు. నాన్నగారు శనివారం ఒక్కరే వెళ్ళి తనకి తోచిన చోట దిబ్బ పోసి, సున్నం వేసి వచ్చారు. ఆదివారం తెల్లవారుజామున అమ్మ దాని ముందు నిలబడి తల అడ్డంగా ఊపింది.

"ఇక్కడ కాదండి."

"ఇక్కడేనే. ఎదురుగుండా ఆ సిమెంటు సమాధి చూడు."

"అది అప్పుడెక్కడుందండీ? అది మొన్నమొన్న కట్టేరు. మన పిల్ల వెనక కంచె వైపుకండి."

"కంచె వైపంతా చవిటి నేల. అక్కడెవర్నీ పెట్టలేదు."

"ఎవరి బిడ్డో ఏంటో, నేనిక్కడ కొవ్వొత్తి పెట్టనండి!"

అమ్మ గొంతు లేచింది. నాన్నగారూ ఎన్నడూ లేనిది గొంతు పెంచారు. డప్పులు ఆగిపోయాయి. చుట్టూ కొవ్వొత్తులు, వాటి వెనక మొహాలు, అన్నీ మా వైపే. పాస్టరుగారు పుస్తకం మూసి ఎదురుచూస్తున్నారు. సిగ్గుతో నా ఒళ్ళు మండిపోయింది. ఇది ఇప్పుడే, ఈ నిమిషమే ఆగిపోవాలి అనుకున్నాను. అంతకుమించి నా మనసులో ఏమీ లేదు. ప్రేమతో ఆడిన అబద్ధం అని చెప్పుకోవడానికి కూడా నాకు వీల్లేదు.

"నాకు గుర్తుందమ్మా," అన్నాను. "పెట్టిన రోజు గేటు నుంచి అడుగులు లెక్కపెట్టేను."

గేటు దగ్గరికి వెళ్ళి, అందరూ చూస్తుండగా నడవడం మొదలుపెట్టాను. ఎవరూ కొవ్వొత్తి పట్టుకుని లేని చోటు ఒకటి కనపడింది. అక్కడికి చేరి ఆగాను. అది ముప్పై ఎనిమిదో అడుగు.

"ముప్పై ఎనిమిది," అన్నాను.

అమ్మ ఆ నేల మీద కూలబడి రెండు చేతులతో మట్టి పోగు చేసింది. "ఇదేనండి. ఇదే. నాకిప్పుడు తెలుస్తోందండి," అని నాన్నగారితో అంటూ ఏడ్చింది. నాన్నగారు నా వైపు చూసి, "ఆయ్, నీకు గుర్తుంటే చాలమ్మా," అన్నారు. పాస్టరుగారు పుస్తకం తెరిచారు.

ఇంటికి రాగానే అమ్మ పొయ్యి ముందు కూర్చుంది. రాత్రి నానేసిన మినప్పప్పు రుబ్బి గారెలు వేసింది, సగం కోడి కూరలోకి, సగం బెల్లం పాకంలోకి. పాకంలో వేలు ముంచి నాలుక మీద పెట్టుకుంది. ఎనిమిది నెలల తర్వాత అమ్మ రుచి చూడటం అదే. "కొంచెం యాలకులు దంచవే," అంది. నేను యాలకులు దంచుతూ ఏడిచాను. తప్పు చేశానని కాదు, ఇంట్లోకి అమ్మ తిరిగొచ్చిందని.

ఆ తర్వాత ఏడాదికి పైగా మా ఇంట్లో ఉన్నంత సుఖం నేను మళ్ళీ ఎక్కడా చూడలేదు. ఎండాకాలం మధ్యాహ్నాలు అరుగు మీద అమ్మ పక్కన కూర్చుని లేసు నేర్చుకున్నాను.

"దారం అలా బిగబట్టకే. వేలి మీద నుంచి పోనీ. అదే పోతాది," అనేది.

నేను తప్పు వేస్తే విప్పేసి మళ్ళీ చేతికిచ్చేది, కోప్పడేది కాదు. పిల్లల్ని కొట్టే నా చేతులు ఆ కాస్సేపు నిదానంగా కదిలేవి. పనసపొట్టు కూరలో ఆవ ఎంత పెట్టాలో, మామిడికాయ పప్పులో కాయ ఎప్పుడు వేయాలో అల్లుతూ అల్లుతూనే చెప్పేది. మధ్యలో సన్నగా పాటందుకునేది. నేను మొదటిసారి వంకర లేకుండా పువ్వు అల్లిన రోజున దాన్ని ఊళ్ళో నాలుగిళ్ళు తిప్పి చూపించి వచ్చింది. సంతోషం అంటే అదేనని నాకు తెలుసు. దాని అడుగున ఏముందో కూడా తెలుసు. దారం వేళ్ళ మీద హాయిగా నడుస్తుంటే ఉన్నట్టుండి ఆ ముప్పై ఎనిమిది గుర్తొచ్చి అల్లిక తప్పేది.

రెండో ఈస్టరు శనివారం సున్నం బకెట్టుతో దొడ్డికి వెళ్ళినప్పుడు అమ్మ గేటు దగ్గర ఆగి అడుగులు వేసుకుంటూ వచ్చింది. తన అడుగులు చిన్నవి. ముప్పై ఎనిమిది అయ్యేసరికి దిబ్బకి చాలా ఇవతలే ఉంది.

"ఇదేంటే?" అంది. "అప్పుడు నువ్వు పదకొండేళ్ళదానివి కదా. నీ అడుగులు నాకంటే చిన్నవి ఉండాలి కదా?"

చెప్పడానికి దేవుడిచ్చిన అవకాశం అదేనేమో. "వానలో బురదని అంగలేసుకుంటూ నడిచేనమ్మా," అన్నాను. అమ్మ నమ్మింది. మొదటి అబద్ధానికి కనీసం తొందర కారణం. దీనికి ఆ సాకు కూడా లేదు.

ఆ ఏడు వానలు మొదలయ్యేసరికి అమ్మ కడుపులో గడ్డ బయటపడింది. కాకినాడ తీసుకెళితే ఆలస్యమైపోయిందన్నారు. ఇంటికి తెచ్చేశాం. మంచం మీద కూడా కొన్నాళ్ళు అల్లింది, తర్వాత సూది పట్టుకోలేకపోయింది. ఒకరోజు నేను గంజి తాగిస్తుంటే నా చెయ్యి పట్టుకుంది.

"నన్ను బుల్లిదాని పక్కనే పెట్టండే. దూరంగా కాదు, ఆనుకుని."

"అవేం మాటలమ్మా?"

"కడబూర మోగినప్పుడు చచ్చినవాళ్ళంతా లేస్తారు కదా. అది డప్పుల మోతకే తట్టుకోలేకపోయేది. అంత పెద్ద శబ్దానికి ఉలిక్కిపడి లేస్తది. లేచేసరికి నేను పక్కనుండాలి. చెయ్యి చాపితే అందాలి." కాస్త ఊపిరి తీసుకుని, "నాకు చావంటే బెంగ లేదే. నువ్వు ఆ చోటు గుర్తు పెట్టుకోబట్టి కదా," అంది.

చెప్పేద్దామని నోరు తెరిచాను. ఆవిడ మొహంలో ఉన్న నిమ్మళం చూసి మూసుకున్నాను. చివరిదాకా మూసుకునే ఉన్నాను. అక్టోబరులో అమ్మ పోయింది.

గొయ్యి తీసేవాళ్ళు ఎక్కడ తవ్వాలని అడిగితే నాన్నగారు నన్ను చూపించారు. "మా అమ్మాయికి తెలుసండి," అన్నారు. చెప్పడానికి అది ఆఖరి అవకాశం. నేను గేటు దగ్గర నుంచి ముప్పై ఎనిమిది అడుగులూ మళ్ళీ నడిచాను.

దిబ్బని ఆనుకుని తవ్వుతూ నడుం లోతులో వాళ్ళలో పెద్దాయన ఆగాడు. దిబ్బ వైపు ఉన్న గొయ్యి గోడని పలుగుతో తట్టి చూశాడు. దగ్గరలో నేనొక్కదాన్నే ఉన్నాను.

"ఈ పక్క మట్టి ఎన్నడూ కదిలిన మట్టి కాదండి, టీచరుగారూ," అన్నాడు మెల్లగా. "ఇక్కడ ఎవర్నీ పెట్టలేదండి."

"మీ పని మీరు చూడండి," అన్నాను.

ఆయన తలొంచుకుని తవ్వాడు. నీరు ఊరుతుంటే తోడారు. అమ్మని దించారు. మొహం దిబ్బ వైపుకి కాస్త తిప్పి పెట్టమని నాన్నగారు వాళ్ళని బతిమాలారు.

ఎనభై తొమ్మిది ఈస్టరుకి నేనూ నాన్నగారూ వెళ్ళాం. రెండు దిబ్బలు, రెండు కొవ్వొత్తులు. తూర్పున వెలుగు వస్తోంది. నాన్నగారి మొహం ప్రశాంతంగా ఉంది. తల్లీ బిడ్డా ఒక్కచోట ఉన్నారని ఆయన ధీమా. పాస్టరుగారు "క్రీస్తు లేచెను" అన్నారు. "నిజముగా లేచెను" అని దొడ్డంతా అంది, నాన్నగారు గట్టిగా అన్నారు. నేను మాత్రం అనలేదు.

నేను చిన్నప్పటి నుంచీ విశ్వాసురాలిని, ఇప్పటికీ నమ్ముతాను. ఆ బూర మోగుతుందని నమ్ముతాను కాబట్టే నాకు భయం. ఆ రోజున అమ్మ లేస్తుంది, పక్కకి చెయ్యి చాపుతుంది, అక్కడ మట్టి తప్ప ఎవరూ ఉండరు. ఆ దొడ్డిలోనే ఇంకెక్కడో ఆరేళ్ళ పిల్ల ఒంటరిగా లేచి అమ్మా అని ఏడుస్తుంది. కళ్ళు మూసుకుని నేను ప్రార్థించాను. ప్రభువా, ఆ రోజు రానీయకు, వీళ్ళనెవర్నీ లేపకు అని ఈస్టరు ఉదయాన, కొవ్వొత్తి చేత్తో పట్టుకుని ప్రార్థించాను.