పొద్దుగూకినాక కుడితి

చలికాలంలో మా ఇంటి మొదటి పొయ్యి ఇంజను కోసం వెలిగేది. పెరట్లో మూడు రాళ్ల మీద రాగి అండా పెట్టి, కందికట్టె ఎగదోసి నీళ్లు కాచడం నా పని. ఆ వెలుగులో ఏదన్నా చదువుకోవచ్చు కాబట్టి ఈ పని నేనెప్పుడూ వద్దనలేదు. బెల్లం చుట్టి వచ్చిన పత్రికల కాగితాలు, మొదలూ తుదీ లేని కథలు, ఆ సెగ దగ్గరే చదివాను. నీళ్లు మరిగేసరికి కాగితం అయిపోయేది. మిగతా కథ ఎవరింటి బెల్లానికి చుట్టుకొని పోయిందో తెలిసేది కాదు.

ఇంజను అంటే ట్రాక్టరు. మా ఊళ్లో ఎవరూ ఆ మాట అనరు. చిన్న బండి, తల ఎత్తి నిలబడిన కోడెకంటే ఎత్తు ఉండదు. వెనక పళ్లున్న రెండు ఇనుప చక్రాలు, కూర్చోవడానికి చిల్లుల ఇనుప రేకు. అన్న యుద్ధంలో లారీలు తోలి, తిరిగి వచ్చాక, గుంతకల్లు దగ్గర ఎవరో అమ్ముకుంటుంటే కొని తెచ్చాడు.

యుద్ధం నుంచి అన్న వెంట వచ్చినవి రెండు. ఒకటి చలిజ్వరం. రెండోది ఒక అలవాటు. ఎక్కడో చలి కొండల్లో రాత్రిపూట నీళ్లు గడ్డకట్టి ఇంజను పగిలిపోతుందని, సాయంత్రమే రేడియేటరులో నీళ్లన్నీ పారబోసేవారట. పొద్దున వేడినీళ్లు పోసి లేపేవారట. మా ఊళ్లో నీళ్లు గడ్డకట్టడం చూసినవాళ్లు లేరు. మంచు పడితే జొన్నచేలో నడిచినవాళ్ల కాళ్లు తడుస్తాయి, అంతే. అయినా అన్న మానలేదు. రోజూ పొద్దుగూకే వేళ ఇంజను పక్కన గొంతుక్కూర్చుని కింది కుళాయి తిప్పేవాడు. చివరి బొట్టు పడేదాకా లేచేవాడు కాదు. అప్పుడు పిలిచినా పలికేవాడు కాదు. పొద్దున మాత్రం మామూలు మనిషే. నేను అండా మోసుకుపోతే ముందరి మూత తిప్పి తీసి, "నీళ్లు పొయ్యి పాపా, దీని నోరు ఇదే," అనేవాడు.

ఒకసారి అమ్మ కొట్టం గడప దగ్గర నిలబడి చూసింది.

"అదేందిరా, పొద్దున్నే దానికి నీళ్లు?"

"ఎద్దు మాదిరే మా. తాగనిదే లేయదు."

"ఉత్త నీళ్లేనా? అంత కష్టం చేస్తాంది."

"నువ్వు కుడితి పెట్టు, ఇంగా బాగా దున్నుతాది," అని అన్న హ్యాండిల్ మీద వాలి నవ్వాడు.

అందరం నవ్వాం. అమ్మ కూడా నవ్విందనే అనుకున్నాను.

మా ఇంట్లో ఒక పద్ధతి ఉంది. పొద్దుమునిగి ఎద్దులు ఇంటికొచ్చాక, వాటి నోరు తడవకముందు మనుషులెవరూ ముద్ద ముట్టరు. గంజి, కడుగునీళ్లు, తౌడు, ఇంత గానుగచెక్క కలిపి కుడితి చేస్తాం. అమ్మ ఈ ఇంటికి కాపురానికొచ్చిన దినం నుంచి ఆ పని ఆమెదే. జ్వరమొచ్చినా, ఒక్కపొద్దున్నా, కుడితి తొట్లో పోసి, ఎద్దు మూతి పైకెత్తి నిట్టూర్చేదాకా నిలబడి, ఆ తర్వాతే వచ్చి కంచం ముందు కూర్చునేది. "నోరులేనిదాన్ని ఎండబెట్టి తింటే ఆ తిండి వొంటబట్టదు," అనేది.

ఆ మొదటి చలికాలం ఇంజను చేయని పని లేదు. దిబ్బలో ఎరువు చేలకు తోలింది. బాయి కాడినుంచి నీళ్ల పీపాలు తెచ్చింది. గట్ల మీద కంపచెట్ల మొదళ్లకు గొలుసు కడితే వేళ్లతో సహా పెరికింది. కంకులు కళ్లానికి మోసి, రాతిగుండు తగిలించుకొని వాటిమీద గుండ్రంగా తిరిగింది. తెల్లవారి చలిలో దాని చప్పుడు పెన్న అవతల గండికోట కొండకు తగిలి తిరిగి వచ్చేది. అక్కడ కూడా ఎవరో ఇలాంటిదే తోలుతున్నట్టు ఉండేది. ఇంకా ఎద్దులెందుకని నాయన రెండు జతలనూ సంతకు తోలేశాడు.

ఎండాకాలంలో చలిజ్వరం తిరగబెట్టి అన్న పోయాడు.

అమ్మ తిండి మానేసింది. పట్టుబట్టి మానలేదు. పొద్దుగూకగానే కుడితి బాన దగ్గరికి పోయేది. ఎద్దులు లేని కొట్టం చూసి వెనక్కి వచ్చేది. కంచం ముందు కూర్చుని, ఏదో మరిచిపోయినదానిలా సంగటి కేసి చూసి, "ఇంగా పెట్టలేదు కదా," అని లేచిపోయేది. కొడుకు మీద బెంగ అన్నారు ఊళ్లోవాళ్లు. గాజులు అమ్మ మణికట్టు దగ్గర నిలిచేవి కాదు, చెయ్యి ఎత్తితే మోచేతిదాకా జారేవి. ఆ చప్పుడు వినిపిస్తే నాయన అరుగు దిగి వీధిలోకి పోయేవాడు.

మళ్లా చలికాలం వచ్చింది. వీధి చివర ఇంట్లో ఉండే మా చిన్నాయన ఇంజను ఎక్కాడు. తోలడం అన్న దగ్గరే నేర్చుకున్నాడు. అన్న చేసినట్టే సాయంత్రం కుళాయి తిప్పి నీళ్లు వొంపేవాడు. ఎందుకని ఎవరం అడగలేదు. ఇంజను తిరగడం మొదలైన కొన్నాళ్లకే అమ్మ తినసాగింది. మొదట సగం ముద్ద, కొంచెం ఊరిబిండి నంజుకొని. తర్వాత పూర్తి ముద్ద. నాయన తలెత్తకుండా, గుటక చప్పుడు కూడా కాకుండా ఆమె పక్కన కూర్చుని తినేవాడు.

అప్పుడే ఒక తెల్లవారి, నేను వేడినీళ్లు పోస్తే సగం అండాకే ఇంజను నోరు నిండి పొర్లింది.

"చిన్నాయనా, నిన్న నీళ్లు వొంపలేదా?"

"బొట్టు లేకుండా వొంపినా మ్మే. నా కండ్లతో చూసినా."

మరునాడూ అంతే. చిన్నాయన హ్యాండిల్ మీద చెయ్యి పెట్టి, తీసేశాడు. "మీ అన్న వచ్చి పోస్తాండాడేమో," అన్నాడు. నవ్వుతూ అనాలనుకున్నాడు గానీ నవ్వు రాలేదు. ఇంజను కూడా ఆ రోజుల్లో మొండికేసింది. కళ్లంలో నాలుగు చుట్లు తిరిగితే చాలు, మూత కింద ఆవిరి బుసకొట్టేది.

అది చాలదన్నట్టు, వంటింట్లో దీపం వెలిగించే వేళకు కొట్టంలోంచి గుటకలు వినిపించేవి. ఎద్దులు అమ్మేసి ఏడాది కావస్తోంది. అయినా గట్టిగా, తృప్తిగా తాగుతున్న చప్పుడు. ఒక సాయంత్రం నాయనకూ వినిపించింది. అరుగు మీద కూర్చున్నవాడు చెవి అటు తిప్పి, వేళ్ల మధ్య బీడీ ఆరిపోయేదాకా కదలలేదు. మర్నాడు పొద్దున చిన్నాయనతో అన్నాడు, "ఆ ఇంజను ఈ ఇంట్లో వద్దు. వాడు పోయినా అది వాణ్ని ఈడనే పట్టుకొని ఉండాది."

ఎర్రగుంట్ల పక్క బండల గనుల కాంట్రాక్టరుకు కబురు పోయింది.

ఆ సాయంత్రం నేను భయపడుతూనే చొప్పవాము వెనక కూర్చున్నాను. అక్కడికి కొట్టం కనిపిస్తుంది. చిన్నాయన నీళ్లు వొంపి వెళ్లిపోయాక అమ్మ వచ్చింది. గూట్లో దీపం పెట్టింది. చంకలోని బాన దించి, పైపై తేట ముంతతో ముంచి, ఇంజను ముందరి మూత తిప్పి తీసింది, అచ్చం అన్న తిప్పినట్టే.

"తాగు నాయనా. నిదానంగా. పొద్దున్నుంచి ఆ గుండు లాగి లాగి గొంతు ఎండిపోయింటాది."

ముంత వెంట ముంత లోపల గొట్టాల్లోకి దిగుతుంటే అదే గుటక. నోరు అంచుదాకా నిండాక, ఇంకా వేడి ఆరని ఇనుప పక్కను అరచేత్తో తట్టింది. చల్లారుతున్న ఇనుములో ఎక్కడో టిక్కుమంది. అమ్మ తల ఊపింది. ఇంజను చాలని చెప్పిందన్నమాట. బాన ఎత్తుకొని పోయి, చేతులు కడుక్కొని, సంగటి ముందు కూర్చుంది.

నేను వాము వెనకనుంచి లేచి వచ్చాను. తెలిసిపోయింది కదా, భయం పోవాలి. పోలేదు. అంతవరకు కొట్టంలో ఉన్న భయం వంటింట్లోకి వచ్చి కూర్చుంది. ఇంజను పోతే అమ్మ ఇక ఎవరికి పెట్టి తింటుంది?

మర్నాటి నుంచి నేను ఇంకా ముందుగా లేచాను. చిన్నాయన రాకముందే కుళాయి తిప్పేదాన్ని. తెల్లగా పులిసిన తేట, దాని వెనక తౌడు మడ్డి దిగేవి. బూడిద కలిపిన వేడినీళ్లు పోసి, మళ్లీ వొంపి, మళ్లీ మంచినీళ్లతో కడిగేదాన్ని. నేల మీది తౌడు కోళ్లు ఏరుకొనేవి. సాయంత్రం అమ్మ పోసేది, పొద్దున నేను తీసేదాన్ని. ఇద్దరం ఒకరికొకరం ఏమీ అనుకోలేదు. "ఇప్పుడు బుద్ధిగా ఉండాది," అన్నాడు చిన్నాయన ఇంజనును చూసి. అది బుద్ధిగా ఉంటే కాంట్రాక్టరు సంతోషంగా కొనుక్కుపోతాడని నాకు తెలుసు. అయినా అన్న బండి గొంతులో మడ్డి ఉండనివ్వడానికి మనసొప్పలేదు.

నాయనకు చెబుదామని అరుగు దాకా పోయేదాన్ని. ఆయన తలెత్తి "ఏం పాపా?" అంటే, "నీళ్లు కావాల్నా?" అని అడిగి, నీళ్లిచ్చి వచ్చేసేదాన్ని. నోటుపుస్తకంలో మాత్రం "నాయనా, ఇంజను అమ్మొద్దు" అని రాసుకున్నాను. రాస్తే ఎంత చిన్న మాటో.

కాంట్రాక్టరు పొద్దున వస్తానన్నవాడు పొద్దుగూకినాక వచ్చాడు. తెల్ల చొక్కా, చేతిలో గొడుగు, వెనక ఇంకో మనిషి. అమ్మ కుడితి పోసి అప్పుడే బాన ఎత్తుకొని వంటింటి వైపు వస్తోంది.

"ఏమప్పా, ఇంత పొద్దాయె?" అన్నాడు నాయన.

"రైలు చేసిన పని. ఎర్రగుంట్లలో దాని ఇంజను నీళ్లు తాగేదానికి నిలబడితే, మనకు ఈడ పొద్దు మునిగింది. పాండి, మీ దాన్ని చూస్తాం. బండలు లాగల్ల, కూతలు పెట్టేది నాకొద్దు."

నేను వాకిలి తలుపు వెనక నిలబడి ఉన్నాను. పోయి కుళాయి తిప్పడానికి నాలుగు అంగలు చాలు. ముందు ఇద్దరు కొత్త మగవాళ్లు. తలుపు వెనకే ఉండిపోయాను.

చిన్నాయన నీళ్ల బిందె పట్టుకొని మూత తీశాడు. లాంతరు దగ్గరికి పెట్టి చూసి, నాయన మొహం చూశాడు. "న్నా, ఇది నిండుగా ఉండాది. ఇప్పుడే కదా వొంపినా!"

నాయన పెదవులు తడుపుకొన్నాడు. "మూత పెట్టు. లేపు," అన్నాడు.

ఇంజను ఒక్క తిప్పుకే లేచింది. చిన్నాయన రాతిగుండు తగిలించి వాకిట్లో చుట్లు తిప్పాడు. కాంట్రాక్టరు తల ఊపుతూ దగ్గరికి పోయి, ముందుకు వంగి చూస్తున్నాడు. అప్పుడు మూత కింద బుస మొదలైంది. మూత ఎగిరి పడింది. తెల్లటి నురగ చిమ్మి ఆయన చొక్కా మీద, గొడుగు మీద పడింది. వాకిలంతా ఉడికిన కుడితి వాసన. అమ్మినప్పటి నుంచి రాని ఎద్దుల వాసన ఒక్కసారిగా ఇంట్లోకి వచ్చింది.

కాంట్రాక్టరు చొక్కా మీది తౌడు వేలితో తీసి ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. "కుడితి! ఏందప్పా, ఇంజనుకు కుడితి పెడతాండారా? చొప్ప కూడా ఏసినారా? పండగొస్తే దీని కొమ్ములకు రంగు పూస్తారేమో, కొమ్ములు యాడుండాయో చూపియ్యండి!" వెంట వచ్చిన మనిషి పగలబడి నవ్వాడు.

అమ్మ బాన పట్టుకొనే బయటికి వచ్చింది. ఆ నవ్వులు ఆమెకు పట్టలేదు. చిన్నాయన మీద లేచింది.

"ఎవురు లేపమన్నారు దాన్ని? ఇప్పుడే కదా తాగింది! తాగినాక కాడి కట్టగూడదని తెలీదా? ఇంతకాలం సేద్యం చేసినారు, సిగ్గులేదా మీకు?"

"వదినా..." అని చిన్నాయన ఇంజను ఆపేసి దిగాడు. నురగ ఇంకా నేల మీద పడుతూనే ఉంది.

నాయన బాన వైపు చూశాడు. ఆమె మోచేతి దగ్గర ఉన్న గాజుల వైపు చూశాడు. మెల్లగా అడిగాడు, "నువ్వు తిన్యావా?"

"యాడ తిన్యా? దానికి పెట్టి ఇప్పుడే పోతాండా. మీరు లేపకపోతే ఈ పాటికి తినేదాన్నే."

నాయన కాంట్రాక్టరు వైపు తిరిగాడు. "ఇది అమ్మేది లేదప్పా."

"అదేంది? ఇంత దూరం పిలిపించి?"

"పొద్దుగూకినాక కుడితి తాగిన జీవాన్ని మేము గడప దాటించం."

"సరే, రేపు పొద్దున తీసకపోతా."

"రేపు సాయంత్రం మళ్లా తాగల్ల కదా," అన్నాడు నాయన.

కాంట్రాక్టరు నవ్వడానికి నోరు తెరిచి, నాయన కండ్లు చూసి మూసుకున్నాడు. ఆ పూట మా ఇంట్లోనే సంగటి తిన్నాడు. అమ్మ చొక్కా అడిగి తీసుకొని, తడిపి, తౌడు మరక పోయేదాకా రుద్ది ఇచ్చింది.

మర్నాడు నాయన ఎద్దుల గాటి దగ్గర ఉన్న రాతి తొట్టికి గొలుసు కట్టించి, ఇంజనుతోనే లాగించి, ఇంజను ముందర పెట్టించాడు. అమ్మను పిలిచాడు.

"నోట్లో పోస్తే దానికి పొరబోతాంది. తొట్లో పొయ్యి. అదే తాగుతాది."

"మనం చూస్తాంటే తాగుతాదా?"

"తాగదు. బెరుకు ఎక్కువ. నువ్వు పోసి పో."

అమ్మ ఆలోచించింది. బెరుకు పశువులను ఆమె చూడనిది కాదు. ఆ సాయంత్రం తొట్లో పోసి, వెనక్కి తిరిగి చూడకుండా వచ్చి ముద్ద తిన్నది.

తెల్లవారి నేను పోయేసరికి తొట్టి ఖాళీ. అరుగు మీద పడుకున్న నాయన కండువా అంచుకు తౌడు అంటి ఉంది. నేను అడగలేదు. పెరట్లో రోజూ బూడిదనీళ్లు ఎందుకు పారేవో ఆయనా నన్ను అడగలేదు.

కంకుల పని అయిపోయే రోజుల్లో నాయన ఏదో పని మీద జమ్మలమడుగు పోయి ఆ రాత్రి అక్కడే ఉండిపోయాడు. సాయంత్రం అమ్మ పోసిన తొట్టి నేనే ఖాళీ చేయాలి, ఆమె చూడకముందే. చీకటితోనే లేచి, పొయ్యి కూడా వెలిగించకుండా కొట్టంలోకి పోయాను. కొట్టం తలుపు గడియ నేనే తీశాను. తొట్లో చెయ్యి పెడితే అడుగు తగిలింది. తడిగా, నాకినట్టు నున్నగా ఉంది.

వంటింట్లో అమ్మ నిద్రపోతున్న ఊపిరి వినిపిస్తూనే ఉంది. తడి చెయ్యి తుడుచుకొన్నాను. తర్వాత వచ్చి పొయ్యి వెలిగించి, నీళ్లు కాచి, మోసుకుపోయి పోశాను. బొట్టు పొర్లలేదు, అండా అంతా పట్టింది. చిన్నాయన వచ్చి హ్యాండిల్ తిప్పాడు. మా ఇంజను లేచింది. పెన్న అవతల కొండ దగ్గరిది కూడా లేచింది.