పెద్దమ్మ మూసిన తూము

మా పెద్దమ్మను అందరూ పరధ్యానం అంటారు. ఆ పేరు ఊరికే రాలేదు. కళ్ళజోడు నెత్తిన పెట్టుకుని ఇల్లంతా వెతుకుతుంది. మనం గంటసేపు గోడు వెళ్ళబోసుకుంటే ఊ కొడుతూ కూర్చుని, అంతా అయ్యాక "ఏమన్నావే?" అంటుంది. పెదనాన్న పోయి రొయ్యల చెరువు ఆమె చేతికి వచ్చినప్పుడు, ఈవిడ చెరువును చూస్తుందా, చెరువే ఈవిడను చూసుకోవాలా అని చుట్టాలంతా నవ్వుకున్నారు.

చెరువు పనుల్లో నేనే ఆమెకు తోడు. తెల్లారేసరికి గట్టు మీద ఉండేవాళ్ళం. మంచులో చెరువు ఎక్కడ ఆగిందో, ఆకాశం ఎక్కడ మొదలైందో తెలిసేది కాదు. నీళ్ళకు గాలి పట్టించే ఏరేటర్ల చక్రాలు చెరువును చిలుకుతూ ఒకటే జోల పాడేవి. చల్లారిపోయిన టీ గ్లాసు పట్టుకుని ఆమె కదలకుండా కూర్చునేది. నిద్రపోతోందేమోనని దగ్గరికెళ్తే, "నీళ్ళు ఇవాళ బరువుగా ఉన్నాయే" అనేది. నీళ్ళు బరువుగా ఉండడమేమిటో నాకిప్పటికీ తెలీదు. ఆ మాటలు వింటూ నేనూ ఏదో కలలోకి జారిపోయేదాన్ని. అంత హాయి నేను మళ్ళీ ఎరగను.

పక్క చెరువు పిన్నిది, అంటే పెద్దమ్మ తోడికోడలిది. మధ్యలో ఒక్క గట్టే అడ్డం. ఇద్దరూ నీళ్ళు పెట్టుకునేదీ, వాడిన నీళ్ళు వదిలేదీ ఒకే కాలువలో. ఒకప్పుడు ఒకే కంచంలో తిన్నంత కలిసి ఉండేవాళ్ళు. పోయిన పంటలో పెద్దమ్మ రొయ్యలన్నీ జబ్బుతో చచ్చిపోయాయి. అప్పటినుంచి పిన్ని మా గట్టు తొక్కలేదు. నష్టపోయినవాళ్ళ గాలి కూడా సోకకూడదనుకుందేమో అని నాకు ఒళ్ళు మండిపోయేది. పెద్దమ్మ మాత్రం ఏమీ అనేది కాదు.

ఈ పంట బాగానే ఎదిగింది. ఒక ఉదయం, రొయ్యలు మేత ఎంత తిన్నాయో చూద్దామని చెక్ ట్రే పైకి లాగితే, వేసింది వేసినట్టే ఉంది. రొయ్యలు గట్టువారకు వచ్చి తూలుతున్నాయి. పెద్దమ్మ ఒకదాన్ని పట్టి, తలమీది పెంకు వెలుతురుకు పెట్టి చూసింది. తెల్లమచ్చలు.

జబ్బొస్తే మా కాలువ మీద అందరూ చేసేది ఒకటే, నోరు మూసుకుని తూము తెరవడం. దొరికినన్ని రొయ్యలు పట్టి అమ్మేసి, నీళ్ళు కాలువలోకి తోసేసి, ఏమీ ఎరగనట్టు తిరగడం. జబ్బని బయటపడితే కొనేవాడు మొహం చాటేస్తాడు, పక్కవాళ్ళు వేలెత్తి చూపిస్తారు.

"తూము తియ్యనా పెద్దమ్మా? ఇంకా ఎవరూ రాలేదు" అన్నాను.

"వద్దు. మట్టి పెట్టి ఇంకాస్త బిగించు. బ్లీచింగ్ కలిపి నీళ్ళు ఇక్కడే ఉంచేద్దాం."

"మరి రొయ్యలు?"

"పోతాయి" అంది. ఆ గొంతులో పరధ్యానం లేదు.

అంతలో అవతల పిన్ని నీళ్ళు పెట్టుకోవడానికి తన తూము దగ్గరికి వచ్చింది. సముద్రం పోటు మీద కాలువలోకి నీళ్ళెక్కే వేళ అది. పెద్దమ్మ మధ్యగట్టు దాకా వెళ్ళి ఆగిపోయింది. కాళ్ళకంటిన బురదతోనూ జబ్బు పాకుతుంది మరి.

"ఇదిగో, తూము తియ్యకు. నా చెరువులో తెల్లమచ్చ. తెలీక నిన్ననే నీళ్ళు మార్చాను. అవి కాలువలోనే ఉన్నాయి" అంది.

పిన్ని అనుమానంగా చూసింది. "జబ్బొచ్చిందని ఎవరైనా చెప్పుకుంటారా? నన్ను కంగారుపెట్టి పంట ముందే పట్టించేద్దామనా?"

"వచ్చి చూడు. వెళ్ళేటప్పుడు కాళ్ళు బ్లీచింగ్ నీళ్ళతో కడుక్కుందువుగాని."

పిన్ని వచ్చింది. పెద్దమ్మ అరచేతిలో రొయ్యను చూసి గట్టు మీద కూలబడింది. పెద్దమ్మ కూడా పక్కనే కూర్చుంది. మంచు మెల్లగా విడిపోతోంది. ఏరేటర్లు ఏమీ పట్టనట్టు తిరుగుతూనే ఉన్నాయి.

"అక్కా" అంది పిన్ని చివరికి, నీళ్ళవైపు చూస్తూ. "పోయిన పంటలో జబ్బు ముందు నా చెరువుకే వచ్చింది. నీకు చెప్పకుండా నీళ్ళు కాలువలోకి వదిలేశాను."

"తెలుసు."

"తెలిసీ ఒక్క మాటైనా అనలేదేం?"

"అనడానికి నువ్వు కనబడితేగా" అంది పెద్దమ్మ.

నాకు ఏడుపు ఆగలేదు. పిన్ని మీద కోపమో, పెద్దమ్మ మీద ప్రేమో, రెండూనో. పిన్ని లేచి, కాళ్ళు కడుక్కుని, తన తూము మట్టితో గట్టిగా బిగించింది. ఇక ఇంటికి పోతుందనుకున్నాను. పోలేదు. కాలువ వెంటే నడిచి ఆ పై చెరువు ఆయన్ని కేకేసింది.

"అన్నయ్యా, తూము తియ్యకు. మా రెండు చెరువుల్లోనూ జబ్బుంది."

ఆమె చెరువులో ఒక్క రొయ్యకూ మచ్చ లేదు.