మెడ దాచుకోని మనిషి

వీధి చివర సెలూన్ నడిపే బాబాయికి కత్తెర ఆడినంతసేపూ నోరూ ఆడుతూనే ఉంటుంది. నవ్వితే భుజాలు ఎగురుతాయి గానీ కత్తి పట్టిన చెయ్యి మాత్రం చెక్కు చెదరదు. ఓ ఉదయం తన గడ్డం తాను గీసుకుంటుండగా గొంతు పక్కన గోళీ అంత గడ్డ వేలికి తగిలింది. స్కాన్ చూసిన డాక్టరమ్మ, అది థైరాయిడ్ గడ్డ అనీ, అంచులు అనుమానంగా ఉన్నాయనీ, సూదితో కాస్త తీసి పరీక్షిస్తే గానీ క్యాన్సరో కాదో తేలదనీ చెప్పింది. ఇంట్లో గగ్గోలు మొదలైంది. "సూది పెట్టి కెలికితే ఒళ్ళంతా పాకుతుంది బావా!" అన్నాడు బావమరిది. "మెడకి కండువా అయినా చుట్టుకోండి, నలుగురూ అడుగుతారు," అంది భార్య. "అడగనీ. నా గొంతులో ఏముందో నాకు తెలియాలా వద్దా?" అని ఒక్కడే ఆసుపత్రికి వెళ్ళాడు.

బల్ల మీద పడుకోబెట్టి, "కదలకండి, గుటక వెయ్యకండి," అంది డాక్టరమ్మ. "రోజూ నేను జనానికి చెప్పే మాటేనమ్మా, కానివ్వండి," అన్నాడు గానీ, సూది బయటికి వచ్చేదాకా పిడికిళ్ళు విప్పలేదు. వారం తిరిగాక ఫలితం చేతికిచ్చారు. మర్నాడు మెడకి ఏమీ చుట్టుకోకుండానే షాపు తెరిచాడు. మొదట కుర్చీ ఎక్కిన పెద్దాయన అద్దంలో ఆ గడ్డనే చూడసాగాడు. "క్యాన్సరేనండీ," అన్నాడు బాబాయి, వెనక బెంచీ మీద వాళ్ళకీ వినపడేంత గట్టిగా. "వచ్చే వారం కోసి తీసేస్తారు. తీయించుకుని మళ్ళీ ఇక్కడికే వస్తా. ఇక గడ్డం పైకెత్తండి."