అక్క నోటుబుక్కులో చివరి పేజీ

మొన్న మా ఆఫీసులో కొత్తగా చేరిన అమ్మాయి, ఫోల్డరులో ఉన్న ఫైళ్లన్నిటినీ 'అన్నీ' అని అర్థమిచ్చే ఒక్క నక్షత్రం గుర్తుతో బిల్డులో కలిపేశానని మురిసిపోతూ స్క్రీను చూపిస్తే, మెచ్చుకోవలసింది పోయి ఆ ఫైళ్ల పేర్లు ఒక్కొక్కటీ పైకి చదవమన్నాను. యాభై దాటినవాడి చాదస్తం అనుకుని పాపం చదివింది. ఆ చాదస్తం కోదాడలో ఒక అక్క దగ్గర అంటిందని చెప్పే ఓపిక నాకు ఆ పూట లేకపోయింది.

రెండు వేల నాలుగైదు ప్రాంతం అనుకుంటాను. సూర్యాపేటలో కంప్యూటర్ క్లాసులు చెప్పి చెప్పి గొంతు పోయాక, కోదాడలో హైవే పక్కన విత్తనాల దుకాణం మీది గదిలో నడిచే చిన్న సాఫ్ట్‌వేర్ ఆఫీసులో చేరాను. మిర్యాలగూడ రైసు మిల్లుల్లో వడ్ల తూకం చీటీ ఇచ్చే ప్రోగ్రాం మాది. మేం విడివిడిగా రాసిన ఫైళ్లను బిల్డ్ టూల్ ఒక్క ప్రోగ్రాముగా కూర్చేది. ఏయే ఫైళ్లు కావాలో దానికి జాబితా ఇవ్వాలి, జాబితాలో లేనిదాన్ని అది ముట్టదు. ఆ జాబితా దగ్గర్లోని చిలుకూరు నుంచి రోజూ బస్సులో వచ్చే అక్క పని. భర్త మంచాన పడ్డాక ఇల్లంతా ఆమె జీతం మీదే నడిచేది. ఎవరు కొత్త ఫైలు రాసినా ఆమె నోటుబుక్కులో పేరు ఎక్కించాలి, వద్దనుకున్నదాన్ని కొట్టేసి పక్కన ఆ ఫైలు రాసినవాళ్లే సంతకం పెట్టాలి. పొద్దున్నే ఆమె ఆ పేర్లు పైకి చదువుతూ జాబితా సరిచూస్తుంటే, రేషన్ షాపులో పిలిచినట్టుందని మేం ఏడిపించేవాళ్లం. ఆమె నవ్వుతూనే తర్వాతి పేరు చదివేది.

నాకు మాత్రం ఆ తతంగం చూస్తే విసుగు. ఒకనాడు జాబితా మొత్తం చెరిపేసి, ఫోల్డరులో ఉన్నవన్నీ తీసుకోమని ఒక్క వరుస రాసి పడేశాను. మా యజమాని పొంగిపోయాడు. అక్క ఒక్కతే నా కుర్చీ దగ్గరికి వచ్చి, "అన్నీ తీసుకుంటదంటే, వద్దన్నది గూడ పట్టుకొస్తది గద తమ్మీ" అంది. ఒకటి రెండు చీటీలు సరిచూస్తే చాలదా, మెతుకు పట్టి చూస్తే అన్నం సంగతి తెలియదా అక్కా అన్నాను. "గది అన్నానికి తమ్మీ" అని తన చోటికి పోయి కూర్చుంది.

కోతలు మొదలయ్యాయి. తేమకు తరుగు తీసే పాత లెక్క ఉన్న ఫైలు ఒకటి, ఎందుకైనా మంచిదని నేనే ఫోల్డరులో ఉంచుకున్నాను. జాబితా ఉన్నన్నాళ్లూ అది పడి ఉంది. ఇప్పుడు బిల్డులో చేరి కొత్త లెక్కను కప్పేసింది. ఎండిన వడ్లకు ఇంత తరుగేందని మాడుగులపల్లి రైతు ఒకాయన మిర్యాలగూడలో మిల్లు గేటుకు ట్రాక్టరు అడ్డం పెట్టి కూర్చున్నాడు. మా యజమానికి ఫోను మీద ఫోను. ఉరుము ఉరిమి మంగలం మీద పడ్డట్టు ఆయన కోపం అక్క మీద పడింది. "లిస్టు సూసేది నువ్వే గదమ్మా, సూడకపోతే ఇగ గీడ నీకేం పని?" అన్నాడు. అక్క ఒక్కసారి నా వైపు చూసింది. నేను స్క్రీనులోకి చూశాను. సాయంత్రం ఆమె టిఫిను డబ్బా సంచిలో పెట్టుకుని వెళ్లిపోయింది, మళ్లీ రాలేదు.

మర్నాడు పాత జాబితా తిరిగి రాద్దామని ఆమె నోటుబుక్కు తెరిచాను. చివరి పేజీలో ఆ పాత ఫైలు పేరు పెన్సిలుతో కొట్టేసి ఉంది. పక్కన, "తీసేయాలె. తమ్మి సంతకం పెట్టలేదు" అని రాసుంది. ఆ పేజీ యజమాని ముందు పెడితే ఆమె ఉద్యోగం నిలిచేది, నాది పోయేది. ఆమె పెట్టలేదు. చూశాక నేనూ పెట్టలేదు.

ఇప్పుడు టూళ్లు తెలివిమీరాయి, వద్దన్నవాటిని వదిలేయడానికీ ఒక్క వరుస చాలు. పేరు పేరునా పిలిచే గొంతు ఏ ఆఫీసులోనూ వినపడదు. నాకూ ఈ పని మీద మోజు తీరి చాలా కాలమైంది. అక్క వెళ్లిపోయాక ఏడేళ్లు కోదాడ బస్టాండులో సూర్యాపేట బస్సు కోసం రోజూ నిలబడ్డాను. పక్కనుంచే చిలుకూరు బస్సు కదిలేది, ఒక్కనాడూ ఎక్కలేదు. నోటుబుక్కు నా దగ్గరే ఉంది, నా సంతకం పడాల్సిన చోటు ఇప్పటికీ ఖాళీగానే ఉంది.