వాగు గట్టున పురుడు

మా ఊళ్లో చాలామందిని భూమ్మీదికి తెచ్చిన చేతులు ఒటీలియా రైజిగ్‌వి. మంత్రసాని. భారీ మనిషి, నోరు పెద్దది. యుద్ధంలో మా జర్మనీ ఓడిపోయాక ఊరి నడుమ పారే చిన్న వాగే సరిహద్దయింది. అటు గట్టు అమెరికా వాళ్లది, ఇటు గట్టు రష్యా వాళ్లది. అయినా ఆమె గౌను ఎత్తిపట్టి వాగు దాటేసేది. కాన్పుకు ఏ దొరతనమూ అడ్డు రాదని ఆమె ధీమా.

పంతొమ్మిది వందల యాభై రెండు మే నెలలో మా వైపు ముళ్లకంచె వేశారు. గట్టు పొడవునా నేల దున్ని, అందులో అడుగు పెడితే కాలుస్తామన్నారు. అవతలి వాళ్లకు చెయ్యి ఊపడం కూడా నేరమే.

ఆ రోజుల్లోనే అవతలి గట్టున ఆమె చెల్లెలి కూతురు గెర్లిండ్‌కు నొప్పులు మొదలయ్యాయి. తల్లి లేని పిల్ల, తొలికాన్పు. భర్త ఆర్నో వాగు దగ్గరికి పరుగెత్తుకొచ్చాడు.

"అత్తయ్యా! బిడ్డ ఎదురుకాళ్లతో వస్తోంది! డాక్టరు ఇంకో ఊరెళ్లాడట, కబురంపాను!"

ఒటీలియా సంచీతో కంచె దగ్గరికి నడిచింది. పక్కింటి కోడలిని, నేనూ వెంట వెళ్లాను. కాపలా సిపాయి తుపాకి అడ్డం పెట్టాడు.

"దాటనివ్వు నాయనా. పురుడు పోసొచ్చాక కాల్చుకుందువుగాని."

"నా చేత ఆ పాపం చేయించకమ్మా." అతను తుపాకి దించలేదు. "నేనొదిలినా ఆ మెరక మీదున్నోడు వదలడు."

ఆమె మెరక వైపు చూసింది. సంచీ కింద పెట్టి, అక్కడినుంచే అరవసాగింది.

"ఆర్నో! దాన్ని మోకాళ్ల మీద వంగోబెట్టు! బిడ్డని లాగొద్దు, విన్నావా? లాగావంటే నీ చేతులు విరగ్గొడతా! దానంతటదే రావాలి!"

అతను ఇంటికీ వాగుకీ పరుగులు తీశాడు. గెర్లిండ్ కేకలు మాకు వినిపిస్తూనే ఉన్నాయి. సిపాయి మాకు వీపు తిప్పి నిలబడ్డాడు.

మధ్యాహ్నానికి ఆర్నో తువ్వాల్లో చుట్టిన పసిగుడ్డును ఎత్తి చూపించాడు. ఆడపిల్ల. ఒటీలియా బిడ్డకేసి చూడనేలేదు.

"గెర్లిండ్ ఎలా ఉందిరా?"

"రక్తం ఆగట్లేదత్తయ్యా."

"బిడ్డని రొమ్ముకి పట్టించు! పొత్తికడుపు గట్టిగా రుద్దు! నిలబడ్డావేం, ఫో!"

అతను మళ్లీ రాలేదు. డాక్టరు కారు వచ్చింది. కాసేపటికి అవతలి చర్చిలో చావుగంట మోగింది.

జూన్ మొదట్లో ఒటీలియా ఇంటి ముందు లారీ ఆగింది. శత్రువులతో మాట్లాడిన మనిషి సరిహద్దులో ఉండకూడదట.

"శత్రువా? మా గెర్లిండ్ బొడ్డు కోసింది నేనేనయ్యా," అంది.

లారీలో వచ్చిన అధికారి కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. ఆమె ఈకల పరుపు నేనే లారీ పైకి అందించాను.

ఎక్కడో లోపలి పట్నంలో, ఆసుపత్రి దుప్పట్లు ఉతికే పని ఇచ్చారు. మంత్రసాని పని చేయనివ్వలేదు. అరవై మూడు చలికాలంలో పోయింది.

తొంభైలో కంచె తీసేశాక గెర్లిండ్ కూతురు మెఖ్‌టిల్డ్ మా ఇంటికి వచ్చింది. అప్పటికే నడివయసు. ఒటీలియా అమ్మమ్మ సమాధి చూడాలంది. రైల్లో ఇద్దరం వెళ్లాం.

"ఆ వరస ఎప్పుడో తవ్వేశామమ్మా," అన్నాడు శ్మశానం కాపరి. "సమాధి స్థలం అద్దె గడువు అయిపోయింది. పొడిగించమని ఎవరూ రాలేదు. ఇప్పుడక్కడ వేరేవాళ్లున్నారు."

మెఖ్‌టిల్డ్ తెచ్చిన పూలను ముక్కూమొహం తెలియని ఒకరి సమాధి మీద పెట్టింది.