పేరు పడని కోట

ఆ రోజుల్లో మా విరుదునగర్ వాళ్ళకు ఒక గట్టి నమ్మకం ఉండేది. లోకంలో ఏ కాగితం మీద రంగు కనబడినా అది శివకాశిలోనే అచ్చయి ఉంటుందని. రోజూ కంపెనీ వ్యానెక్కి అక్కడి ప్రెస్సుకు పనికి పోయేదాన్ని కాబట్టి నాకు ఆ నమ్మకం మరీ ఎక్కువ. అచ్చు యంత్రం నుంచి వచ్చిన కాగితాలు సర్ది కట్టలు కట్టడం నా పని. అప్పటికి చదవడం రాదు (అక్షరాలు నాకు నలభై ఏళ్ళు దాటాక, మా పక్కింటికి చిత్తూరు నుంచి వచ్చిన టీచరమ్మ దగ్గర నేర్చుకున్నాను). బొమ్మ తలకిందులుగా ఉంటే మాత్రం ముందు నేనే కనిపెట్టేదాన్ని.

మా అన్నకు అప్పుడు ఒకటే పిచ్చి, బస్టాండు దగ్గర కంప్యూటర్ సెంటర్లో పాతకాలపు రాజుల యుద్ధం ఆట. ఆదివారమైతే కోవిల్‌పట్టి నుంచి అతని స్నేహితుడు వేరుసెనగల కడలై మిఠాయి పొట్లంతో దిగేవాడు. అతణ్ణి అందరూ వాత్తియార్ అనేవారు (వాత్తియార్ అంటే పంతులు, ఈ పంతులు పది తప్పాడు). ఆ ఆటలో కొత్త భాగం రాబోతోందని ఎక్కడో విన్నారు. ఇక ఏ రాజులొస్తారు, ఏ కోటలొస్తాయి అని మా అరుగు మీద ఒకటే రభస.

"పాంచాలంకురిచ్చి కోట కండిప్పా వస్తాది రా," అని ఖాయంగా చెప్పేవాడు వాత్తియార్.

"నువ్వు పోయి చెప్పి వచ్చినావా? దొరల సీమలో ఉండేవాళ్ళకు మన పాలెగాడు ఎట్ల తెలుస్తాడు?" అనేవాడు అన్న.

"తెల్లోడితో కొట్లాడినోడు తెల్లోడికి తెలీకుండా పోతాడా?"

నాకు రాజులతో పని లేదు. ఆ ఆటలో మనుషులు ఇళ్ళు కడతారని, పొలం దున్నుతారని విన్నప్పటినుంచి ఒక్కసారి నేనే అవన్నీ చేయించాలని ఆశ. అడిగినప్పుడల్లా అన్న తరిమేవాడు. ఒకరోజు విసిగి, "సరే పిల్లా, కొత్త భాగంలో ఏముండాదో కనుక్కొని రా. ఒక ఆదివారం సాయంత్రమంతా మౌసు నీకే," అన్నాడు. నావల్ల కాదని అతని ధైర్యం.

కొన్నాళ్ళకు యంత్రం మీద ఒక బొమ్మ వచ్చింది. కోట, ఏనుగు, కత్తి దూసిన మీసాల రాజు, కోట మీంచి ఎగసే నిప్పురవ్వలు. మా ప్రెస్సులో ఒక్కో రంగూ విడిగా అచ్చయ్యేది; నలుపూ, దానితో పాటు అక్షరాలూ చివర పడేవి. అప్పటికింకా నలుపు పడలేదు.

"ఇది దేనికన్నా?" అని యంత్రం నడిపే ఆయన్ని అడిగాను.

"పెట్టెకు. లోపల ఏముంటే నీకేమి పిల్లా?" అన్నాడు. నాకు ఆ మాట చాలు; ఆటలు కూడా పెట్టెల్లోనే వస్తాయని అన్న చెప్పగా విన్నదాన్ని. ఆయన్నే అడిగి చెడిపోయిన షీటొకటి ఇంటికి తెచ్చి అరుగు మీద పరిచాను.

వాత్తియార్ లేచి నిలబడ్డాడు. "చూస్తివా రా! ఆ మీసం చూడు! ఆ నిప్పు ఏమనుకుంటివి? ఫిరంగి!" మా అన్న గొంతు కూడా తగ్గింది. పేరు పడాల్సిన చోటు తెల్లగా ఖాళీగా ఉంది. ఎవరికి కావలసిన పేరు వాళ్ళు అందులో చదువుకున్నారు. ఏమీ చదవనిదాన్ని నేనొక్కదాన్నే.

ఆదివారం మౌసు నా చేతికొచ్చింది. ఇళ్ళు కట్టించాను, పొలాలు వేయించాను. గొర్రెలను ఇంటి ముందుకు తోలించాను గాని కోయనివ్వలేదు. వెనక అన్న జుట్టు పీక్కుంటున్నాడు.

"సైన్యం పెట్టవే! శత్రువు వస్తాడు!"

"వస్తే రానీ, కూడు తిని పోతాడు. అది సరే, వాన లేకుండా పంట ఎట్ల వస్తా ఉండాది అన్నా?"

"ఆటలో వాన ఉండదు. సుమ్మా, ఊరికే వస్తాది."

నల్లరేగడిలో పత్తి వేసి, మబ్బుల కోసం చూసి చూసి మెడ పట్టేసిన మనిషి మా నాయన. ఈ సంగతి ఆయనకు ఎలా చెప్పాలా అని ఆలోచిస్తుండగానే గుర్రాలవాళ్ళు వచ్చి నా ఊరు తగలబెట్టి పోయారు.

దీపావళికి అంగడిలో నా కోట కనిపించింది, నలుపు పడి, పేరుతో సహా. చిచ్చుబుడ్ల పెట్టె.

"నా ఆదివారం నాకు తిరిగి ఇచ్చెయ్యవే," అన్నాడు అన్న.

"ఎట్ల ఇచ్చేది? కాలిపోయింది కదా."

వాత్తియార్ మాత్రం ఒక చిచ్చుబుడ్డి వెలిగించి, అది ఎగసినంతసేపూ చూసి, "నిప్పు అయితే ఉండాది రా," అన్నాడు.

ఇప్పుడు అన్న కొడుకు ఫోనులో అలాంటి ఆటే ఆడతాడు. దానికీ ఏదో కొత్తది రాబోతోందట. మొన్న ఏ రాజొస్తాడని స్నేహితులతో కొట్లాడుతూ, "అత్తా, నీకేం రావాల?" అని ఎగతాళిగా అడిగాడు. వాన అన్నాను. వాడు పడీపడీ నవ్వి, ఆ ఆట ఆడేవాళ్ళంతా మాట్లాడుకునే చోట అదే మాట రాసి పెట్టాడు. ఇంకా ఎవరూ జవాబివ్వలేదు. సాయంత్రమైతే మా నాయన మబ్బుల కోసం చూసినట్టు, నేను వాడి ఫోను వైపు చూస్తున్నాను.